తల్లిమడుగు మీద డ్రోన్

ప్రిస్కిల్లా అక్క నా చేతికి పుస్తకం ఇచ్చి, "నీ రాత బాగుంటుందని మీ మాస్టారు చెప్పారు, అంకెలు నువ్వే రాయి" అన్నప్పుడు నాకు ఏమీ భయం వేయలేదు. భయమంతా తరవాత వచ్చింది.

ఆమె గరివిడి నుంచి వచ్చింది. నదుల్లో చేపలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. వల వేయకుండా, చేపని ముట్టుకోకుండా, డ్రోన్ ఎగరేసి పైనుంచి బొమ్మలు తీస్తారు. వంశధార మీద పదకొండు చోట్ల లెక్క పెడుతున్నారు, అందులో మా పేట ఒకటి. పదో తరగతి పరీక్షలు రాసి నేను ఇంట్లో ఖాళీగా ఉన్నాను కాబట్టి మాస్టారు నా పేరు చెప్పారు. నా పేరు ఝాన్సీ. ఎవరైనా పలకరిస్తే నేను తల దించుకుంటాను. అప్పుడు మా పేటలో వాళ్లు, "కత్తెక్కడ పారేసినావే రాణీ?" అని నవ్వుతారు.

మా పేటకి ఏట్లో ఆరు మడుగులున్నాయి. వేసవిలో వంశధార ఇసుకలో సన్నబడిపోతే చేపలన్నీ ఆ మడుగుల్లోనే ఉంటాయి. అయిదింటికి ఏటేటా చీట్లు వేసుకుంటారు. ఎవరి చీటీకి వచ్చిన మడుగులో వాళ్లే వేట చేసుకోవాలి. ఆరోది తల్లిమడుగు. హోలీ పున్నమి నుంచి వానలకి కొత్తనీరు వచ్చేదాకా అందులో ఎవరూ వల వేయకూడదు, మావు పెట్టకూడదు. మావు అంటే వెదురుతో అల్లిన పొడుగు బుట్ట. అందులోకి దూరిన చేప తిరిగి బయటకి రాలేదు. తల్లిమడుగులో వేట చేసినవాడికి ఏడాదంతా ఏరు మూసేస్తారు. వాడు పడవ ఎక్కకూడదు. ఎవరి వలకీ చెయ్యి వేయకూడదు. నేను పుట్టాక అలా ఎవరికీ మూయలేదు.

మొదటి రోజు పేటంతా గట్టు మీదే ఉంది. డ్రోన్ లేవగానే పిల్లలు కేకలు పెట్టారు. పోతురాజు మావ చెవులు మూసుకున్నాడు. మా అమ్మకి ఆయన వరసకి తమ్ముడు.

"ఓలప్పా, తుమ్మెదకి మోటారెట్టినారేటి? ఈ సప్పుడికి సేపలు ఒరిస్సా ఎలిపోతాయి. ఒక్క రాయేత్తే కిందడతాది, సూత్తూండండి!"

"ఒరే పోతురాజా, ఆ రాయి నీ బుర్ర మీదడతాది. నోరు ముయ్యి" అన్నాడు జగన్నాధం తాత. మా పేటకి ఆయనే పెద్ద. అందరూ నవ్వారు.

తల్లిమడుగు మీద డ్రోన్ అటూ ఇటూ బట్ట నేసినట్టు తిరిగింది. ప్రిస్కిల్లా అక్క స్క్రీన్ నా వైపు తిప్పింది. కెమెరాకి ఒక నల్ల అద్దం బిగించారు, దాంతో నీటి మీద ఎండ మెరుపు పోతుంది. స్క్రీన్‌లో చూస్తే మడుగులో నీళ్లే లేనట్టుంది. అడుగున ఇసుక గీతలు కూడా కనిపించాయి. ఒక మూల ఎర్రటి ముద్ద ఒకటి మెల్లగా కదులుతోంది.

"అదేంటి?" అంది అక్క.

"కొరమీను పిల్లలు" అన్నాను. అప్పుడే పుట్టినవి ఎర్రగా ఉంటాయి, వేల కొద్దీ కలిసి తిరుగుతాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. రెండు నల్లటి నీడలు స్పష్టంగా కనిపించాయి. పుస్తకంలో "పెద్దవి 2" అని రాశాను.

మర్నాడు తెల్లారేసరికి నాన్న ఒక కొరమీను పట్టుకొచ్చాడు. మా శైలజప్ప, నా తోడబుట్టిన పెద్దది, పురిటికి వచ్చి ఉంది. ఆపరేషన్ చేసి పాపని తీశారు. పాపకి పన్నెండు రోజులు. అప్పకి కుట్లు మానడం లేదు, పాలు పడడం లేదు. కొరమీను చారు పడితే గాని లేవదని అమ్మ వారం నుంచి నాన్నని పోరుతోంది. మా చీటీకి వచ్చిన కింద మడుగులో ఈ ఏడు చిన్న జెల్లచేపలు తప్ప ఏమీ లేవు.

"ఎక్కడ పడిందయ్యా?" అంది అమ్మ.

"కింద మడుగులో" అన్నాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన అమ్మ వైపు చూడలేదు. తడి తువ్వాలు మూడుసార్లు పిండాడు.

అమ్మ మిరియాలు, వెల్లుల్లి నూరి చారు కాచింది. అప్ప రెండు గిన్నెలు తాగింది. నేను సంతోషంగానే గట్టుకి వెళ్లాను.

స్క్రీన్ మీద ఎర్రముద్ద కనిపించింది. దాని కింద ఒక్క నీడే ఉంది.

"ఇంకోటి ఏమైంది?" అంటూ అక్క డ్రోన్‌ని కిందికి దించింది. అప్పుడు మొగలి పొదల నీడన, నీటి అడుగున, పొడుగ్గా ఏదో కనిపించింది. దాని మూతి దగ్గర పసుపుపచ్చ పీలికలు ఆడుతున్నాయి. మా పేటలో ప్రతి ఇంటికీ మావుకి కట్టే గుర్తు ఒకటి ఉంటుంది. మాది అమ్మ పాత పసుపుపచ్చ చీర.

పెన్ను జారి ఇసుకలో పడింది.

"ఇదేంటి ఝాన్సీ?"

"బండ" అన్నాను. "బండ మీద నాసు."

"నాచు పచ్చగా ఉండాలి కదా?"

"ఎండకి అలగైపోతాది మేడమ్."

ఆమె నమ్మింది. నేను పుస్తకంలో "పెద్దది 1, బండ 1" అని రాశాను. పుస్తకమంతా గుండ్రంగా ఉన్న నా అక్షరాలు ఆ ఒక్క చోట వంకర పోయాయి.

సామాను సర్దుతూ ఆమె అంది, "రేపు పదకొండింటికి మీ పెద్దల్ని కూర్చోబెట్టి మడుగంతా స్క్రీన్ మీద చూపిస్తాను. ఇన్నేళ్లుగా వాళ్లు కాపాడిందేంటో వాళ్లు కూడా చూడాలి కదా!"

తల్లిమడుగులో బండ లేదు. ఆ అడుగు మా పేటలో ప్రతి మగవాడి కాలికీ తెలుసు. గట్టు మీంచి చూస్తే మొగలి నీడ వల్ల ఏమీ కనపడదు. పైనుంచి చూస్తే మాత్రం ఆ పసుపుపచ్చ పీలికలు ముందుగా కనిపిస్తాయి. నాన్నకి ఏరు మూసేస్తారు. నాన్నకి ఏరు తప్ప ఏమీ రాదు. నరసన్నపేట సంతకి వెళ్తే రోడ్డు దాటడానికి కూడా నా చెయ్యి పట్టుకుంటాడు.

సాయంత్రం నాన్న అరుగు మీద వల బాగుచేస్తూ కూర్చున్నాడు. నేను పక్కన దారం చుడుతున్నాను. చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. చెప్తే మా నాన్నని నేనే దొంగా అన్నట్టు అవుతుంది.

"ఏటే ఝాన్సీ, ఆ మిసను ఏటి సూత్తాది? నీళ్ల మీదేనా?" అన్నాడు నాన్న ఉన్నట్టుండి.

"కింద కూడా" అన్నాను.

"ఎంత కిందకి?"

"ఇసక దాకా."

ఆయన చేతిలో సూది ఆగిపోయింది. కాసేపటికి లేచి, చుట్ట కొనుక్కొస్తానని ఏటి వైపు వెళ్లాడు. చుట్టల కొట్టు అటు లేదు. డ్రోన్ సామాను ఏటి ఒడ్డున గుడారం వేసి పెట్టారని జగన్నాధం తాత ఇద్దరిని తల్లిమడుగు గట్టునే కాపలా ఉంచాడు. నాన్న ఊరికే తిరిగొచ్చాడు. నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఆయన అన్నం తినలేదు.

పొద్దున్న కడుపునొప్పి అని అక్కకి కబురు పంపాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే ఉంది, వడిసెల. పోతురాజు మావ మొక్కజొన్న చేలో చిలకలు తోలడానికి మూడేళ్లుగా నేనే వెళ్తున్నాను. తాటినార వడిసెల ఆయనే పేని ఇచ్చాడు, గురి కూడా ఆయనే నేర్పాడు. దాన్ని ఓణీ కింద నడుముకి చుట్టుకుని, చేల మీదుగా తిరిగి, అవతలి వైపు మొగలి పొదల్లో దూరాను. ముళ్లు గీరుకున్నాయి.

ఇవాళ బొమ్మలు తీయకపోతే పెద్దలకి చూపించడానికి ఏమీ ఉండదనుకున్నాను. బొమ్మలన్నీ ఆ డ్రోన్ కడుపులోనే ఉంటాయనుకున్నాను.

అది నా నెత్తి మీదికి వచ్చి మడుగు మీద ఆగింది. మొదటి రాయి తప్పింది. రెండోది తగిలింది. చప్పుడు చిన్నదే, కొబ్బరిచిప్ప పగిలినట్టు. డ్రోన్ ఒక పక్కకి ఒరిగి, గిరగిరా తిరిగి, అవతల ఇసుకలో పడింది. గట్టు మీద కేకలు వినిపించాయి. నేను వంగి పరిగెత్తాను. ఇంటి వెనక గడ్డివాములో వడిసెల కుక్కి, అప్ప పక్కన ముసుగు పెట్టి పడుకున్నాను. పాప చిన్న చెయ్యి నా మెడకి తగిలితే ఉలిక్కిపడ్డాను.

గంట కాకముందే అమ్మ వచ్చింది. "బేగి లెగవే. ఆ మిసన్ని పోతురాజుగాడు పడగొట్టీసినాడంట. ఇంటికి ఒకరు రావాలంటన్నారు. మీ అయ్య ఎల్నాడు, నువ్వూ ఎల్లు. ఏటౌతాదో సూసి సెప్పు."

నేను తల్లిమడుగు గట్టుకి వెళ్లేసరికి ప్రిస్కిల్లా అక్క విరిగిన డ్రోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడ్చినట్టుంది.

"నిన్నటిదాకా తీసినవన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయండీ. ఇవాళ్టివే పోయాయి" అంటోంది జగన్నాధం తాతతో. "చూపిస్తానన్నవి చూపిస్తాను. కాని ఇది ఎవరు చేశారో నాకు తెలియాలి. ఆఫీసుకి ఏం రాయను? పోలీసు కంప్లయింటు ఇమ్మంటారు."

బొమ్మలు ఉన్నాయి! అక్కడే చతికిలబడ్డాను. రాయి ఊరికే వేశాను. మావు బొమ్మ అలాగే ఉంది, పైగా పోతురాజు మావ మెడకి ఉరి తగిలించాను.

"పోలీసులెందుకమ్మా? ఏరున్నాది" అన్నాడు జగన్నాధం తాత. "పోతురాజా, ఏట్లో దిగి మాటియ్యి."

ఏట్లో మాట అంటే మా వాళ్లకి కోర్టు కన్నా పెద్దది. మొలలోతు నీళ్లలో నిలబడి, దోసిట్లో మూడుసార్లు నీళ్లు తీసి వదిలి, "నేనూ నా ఇంటివాళ్లూ ఈ పని చేయలేదు, చేసుంటే మా ఇంట్లో చిన్న ప్రాణం ఈ ఏటిది" అనాలి. నేను పుట్టకముందు ఒకాయన వల దొంగతనం మీద అబద్ధపు మాట ఇచ్చాడట. ఆ వానల్లోనే ఆయన చిన్నకొడుకు రేవులో జారిపోయాడట. ఆ తరవాత అబద్ధం చెప్పడానికి ఎవరూ దిగలేదు.

పోతురాజు మావ కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దిగరా!"

"నాను దిగను."

"దిగనంటే నువ్వేసినట్టే."

"అలాగే అనుకోండి. కేసెట్టుకోండి."

జనం గోల పెట్టారు. ఆయన కళ్లు నన్ను వెతికాయి. ఒక్క క్షణం చూసి పక్కకి తిప్పుకున్నాడు. ఆయనకి తెలుసని నాకు అర్థమైంది. అంత దూరం నుంచి అంత పైకి గురి చూసి కొట్టేవాళ్లు మా పేటలో ఇద్దరే. తను దిగి ఒట్టు పెడితే తరవాత ఇంటికొకరిని దిగమంటారు, మా ఇంటి వంతూ వస్తుంది. అందుకే ఆయన దిగలేదు.

నాన్నకి ఇదేమీ తెలియదు. ఆయనకి కోపం వచ్చింది.

"ఏటిరా నీకు పిచ్చా? సెయ్యనోడివి దిగడానికేటి నొప్పి? జైల్లో కూకుంటావా? సూడు, ముందు నాను దిగుతాను. నా ఎనకాల నువ్వు రా." నాన్న చొక్కా విప్పి గట్టు మీద పడేశాడు.

"బావా, వద్దు" అన్నాడు పోతురాజు మావ. ఆయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "బావా, దిగకు. నీకెందుకు? నా మాట ఇను."

"తప్పుకో."

నాన్న నీళ్లలో అడుగు పెట్టాడు. చీలమండలు మునిగాయి. మోకాళ్లు మునిగాయి. మా ఇంట్లో చిన్న ప్రాణం పదమూడు రోజులది. దానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. పొద్దున్న నా మెడకి తగిలిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. కలలో అరవబోతే అరుపు రానట్టుంది. నాన్న మొలలోతుకి వెళ్లి ఇటు తిరిగాడు. దోసిట్లో నీళ్లు తీశాడు. ఒకసారి వదిలాడు. రెండోసారి వదిలాడు.

"నాన్నా!"

అది నా గొంతని నాకే తెలియలేదు. అందరూ తిరిగారు.

"నువ్వు అనకు నాన్నా! నానే ఏసినాను. వడిసెలతో ఏసినాను. మావ కాదు. నువ్వు అనీకు, సంటిదానికి ఏటైనా అయిపోతాది!"

నాన్న మూడోసారి దోసిట్లో తీసిన నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. ఆయన ఆ చేతులు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

ప్రిస్కిల్లా అక్క లేచి నా దగ్గరికి వచ్చింది. "నువ్వా? ఎందుకు ఝాన్సీ? నేను నీకేం చేశాను?"

దానికి జవాబు నా నోటితో చెప్పలేను.

"సెప్పవే గుంటా" అన్నాడు జగన్నాధం తాత. "ఊరికే రాయేసీ రకం కాదు నువ్వు. ఎవురేనా ఎయ్యమన్నారా?"

తల అడ్డంగా ఊపాను.

"మరెందుకేసినావు?"

తాత మొహం నల్లగా అయింది. ఆయన చేతికర్ర ఎత్తాడో, ఊరికే పక్కకి మార్చుకున్నాడో నాకు తెలియదు. నేను కళ్లు మూసుకున్నాను.

"దాన్నడక్కండి" అన్నాడు నాన్న, నీళ్లలోంచే. "నన్నడగండి. తల్లిమడుగులో నా మావు ఉన్నాది, శైలజకి కొరమీను కోసం ఎట్టినాను. అది ఆ మిసన్లో పడిపోనాది. గుంటకది తెలుసు. అందుకేసినాది."

నేను కళ్లు తెరిచేసరికి నాన్న నడుస్తున్నాడు. నీళ్లలోనే నడిచి, మొగలి నీడకి వెళ్లి, మునిగి, మావుతో లేచాడు. పసుపుపచ్చ పీలికలు ఆయన మోచేతికి అంటుకున్నాయి. మావులో రెండు జెల్లలున్నాయి, ఇంకేమీ లేదు. వాటిని మడుగులో వదిలి, మావుని గట్టు మీదికి విసిరాడు.

"ఎందుకురా నూకయ్యా?" అన్నాడు జగన్నాధం తాత. ఆయన గొంతులో కోపం లేదు. అది ఇంకా భయంగా ఉంది. "అడిగితే పేటంతా ఎతికి తెచ్చీవోళ్లం కాదేటి, బాలింతకి ఒక్క కొరమీను?"

"అడగలేకపోనాను బాబూ."

తాత జనం వైపు తిరిగాడు. తరవాత పెద్ద గొంతుతో అన్నాడు. "కొత్తనీరు నుంచి మళ్లీ కొత్తనీరు దాకా నూకయ్యకి ఏరు మూత. పడవ ఎక్కకూడదు. వల ముట్టకూడదు. దాపరికం నేకుండా తనే ఒప్పుకున్నాడు గనక ఇంటికి నిప్పూ నీళ్లూ ఆపక్కర్లేదు. ఇంతే."

నేను నిన్నటి నుంచి దేనికి భయపడ్డానో ఆ మాట అంత తేలిగ్గా ఆయన నోట్లోంచి వచ్చేసింది.

ప్రిస్కిల్లా అక్క పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. "ఆ బండ కొట్టేసి, ఏముందో అది రాయి" అంది. "ఆఫీసుకి నేను అబద్ధం రాయలేను ఝాన్సీ. ఎవరు చేశారని అడుగుతారు. నువ్వే ఒక కాగితం మీద రాసివ్వు. సోమవారం నాతో శ్రీకాకుళం రావాలి. వాళ్ల ముందు నేను నీ పక్కనే ఉంటాను. ఏమవుతుందో నాకూ తెలియదు."

జనం చెదిరిపోయారు. పోతురాజు మావ నా దగ్గర ఆగాడు. "ఎన్నో రాయికి తగిలిందే కోడలా?"

"రెండో రాయికి."

"ఛీ, నా పరువు తీసినావు" అని నెత్తి మీద మొట్టి వెళ్లిపోయాడు. నాకు నవ్వు రాలేదు.

నాన్న చొక్కా తీసుకుని ముందు నడిచాడు. నేను పది అడుగులు వెనక నడిచాను. ఆయన ఒక్కసారీ వెనక్కి చూడలేదు. ఇంటికి వెళ్లాక కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. మా వీధి మలుపులో ఆయన ఆగిపోయాడు. నేను కూడా ఆగాను. రమ్మని చేత్తో సైగ చేశాడు. దగ్గరికి వెళ్లాను.

ఆయన పంచెలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. మా గుమ్మంలో అమ్మ చేతుల్లో పాపతో నిలబడి, ఏమైందన్నట్టు మా వైపే చూస్తోంది.

"నువ్వు ముందెల్లి మీ అమ్మకి సెప్పీయే" అన్నాడు నాన్న. "నాకు బయమేత్తన్నాది."

నేను ఆయన తడి చెయ్యి పట్టుకుని ముందు నడిచాను.